నడిస్తే పిక్క పట్టేస్తోందా? ముందు పాదంలో నాడి చూడండి

కాలి నొప్పి అని వచ్చినవాళ్ల ఫైలు తెరిస్తే మోకాలి ఎక్స్‌రే, నడుము ఎంఆర్‌ఐ, విటమిన్ డీ రిపోర్టు, బీ12 ఇంజెక్షన్ల చీటీ అన్నీ ఉంటాయి. పాదంలో నాడి దొరికిందో లేదో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. పైసా ఖర్చు లేని, రెండు నిమిషాల పరీక్ష అది. కాళ్లకు రక్తం తీసుకెళ్లే ధమనులు పూడుకుపోయే జబ్బు (డాక్టర్లు పీఏడీ అంటారు) ఏళ్ల తరబడి ‘నరాల బలహీనత’ కింద చెల్లిపోయేది ఇందుకే. షుగర్ ఉన్నా, బీడీ, సిగరెట్, చుట్ట అలవాటున్నా యాభై దాటాక, ఏ అలవాటూ లేకపోయినా అరవై అయిదు దాటాక కాలి నొప్పికి ఈ పరీక్షే మొదటిది కావాలి.

సమస్య: కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది

నొప్పి ఎంత అని అడక్కండి, ఎలా పోతుందో అడగండి. దాదాపు ప్రతిసారీ అంతే దూరానికి వచ్చి, ఎక్కుడు దారిలో ఇంకా ముందే వచ్చి, ఉన్నచోట నిలబడితే చాలు పది నిమిషాల్లోపే పోతే అది రక్తం చాలకపోవడం. నిలబడినా తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గితే నడుములో నరం నొక్కుకుంటోంది. సాయంత్రానికి బరువెక్కి, వాచి, కాళ్లు ఎత్తి పెడితే హాయిగా ఉంటే సిరల సమస్య. నడకతో పని లేకుండా రెండు అరికాళ్లూ రాత్రిపూట మండితే షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు. పిరుదు, తొడ పట్టేస్తూ, మగవాళ్లలో అంగస్తంభన కూడా తగ్గితే పూడిక పొత్తికడుపు స్థాయిలో ఉందేమో చూడాలి.

చాలామంది అసలు నొప్పి అని చెప్పరు. నడకే తగ్గించేసి ఉంటారు. ‘నిరుడు నడిచి వెళ్లిన చోటికి ఇప్పుడు ఆటో ఎక్కుతున్నారా?’ అని అడిగితే బయటపడుతుంది.

నాడి చూసేది ఇలా. మనిషిని పడుకోబెట్టి, సాక్సులు విప్పించి, రెండు మూడు వేళ్లు తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే ఉన్న నాడీ ఆగిపోతుంది, బొటనవేలితో చూస్తే మీ నాడే మీకు తగులుతుంది. ఒకటి పాదం పైన: కాలి బొటనవేలు పైకి లేపితే తాడులా తేలే స్నాయువుకు (టెండన్) పక్కన, చిటికెనవేలి వైపు. రెండోది లోపలి చీలమండ ఎముకకు వెనక, కాస్త కింద. పాదం పైన ఉండేది పుట్టుకతోనే అందనివాళ్లు కొందరుంటారు, అదొక్కటే లేకపోతే కంగారు వద్దు. చీలమండ దగ్గర కూడా దొరక్కపోతే ఆలస్యం చేయకండి. నాడి తగిలినా లక్షణాలు పైన చెప్పినట్టే ఉంటే పరీక్ష మానకూడదు.

తర్వాత ఏబీఐ: చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించడం. అయిదు పది నిమిషాలు పడుకోబెట్టాకే, డాప్లర్ పెన్నుతో (ధ్వని తరంగాలతో రక్త ప్రవాహాన్ని పట్టే పరికరం), రెండు చేతులూ రెండు కాళ్లూ చూడాలి. చేతుల్లో ఎక్కువ వచ్చిన అంకె తీసుకోవాలి. ఒక్క చేతికే చూసి, ఆ చేతి ధమనిలోనే పూడిక ఉంటే లెక్క తప్పి కాలు బాగున్నట్టు వస్తుంది. 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే జబ్బు ఉన్నట్టే. అంకె బాగుండి నడిస్తే మాత్రం నొప్పి వస్తుంటే, ట్రెడ్‌మిల్ మీద నడిపించి మళ్లీ చూడమనండి. 20 శాతం మించి పడిపోతే దొరికినట్టే.

సమస్య: ఏబీఐ నార్మల్, పుండు మాత్రం మానదు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, బాగా పెద్ద వయసువాళ్లకు కాలి ధమని గోడలో సున్నం పేరుకుంటుంది. ధమని గట్టి ఇనుప గొట్టంలా తయారై, పట్టీలో గాలి ఎంత ఎక్కించినా నొక్కుకోదు. యంత్రం దాన్ని ‘పీడనం బాగుంది’ అని చూపిస్తుంది. లోపల పారే రక్తం మాత్రం సన్నటి ధారే. 1.40 దాటితే అనుమానం ఎటూ వస్తుంది. అసలు ప్రమాదం 1.0, 1.1 వచ్చినప్పుడు. సున్నం అంకెను పైకి నెడుతుంది, పూడిక కిందికి లాగుతుంది, రెండూ కలిసి చక్కటి నార్మల్ రిపోర్టు చేతికొస్తుంది.

దీనికి తోడు ఇలాంటివాళ్లకు నరాలు మొద్దుబారి నొప్పే తెలియదు. వేలు నల్లబడినా ‘నొప్పి లేదు కదా’ అని పసుపు రాసి ఊరుకుంటారు.

పరిష్కారం కాలి బొటనవేలి దగ్గర బీపీ చూడడం. వేలి ధమనుల్లో సున్నం అంతగా పట్టదు. లెక్క చూడండి: చేయి 140, చీలమండ 154, ఏబీఐ 1.10, అంతా బాగున్నట్టే. అదే మనిషికి బొటనవేలి దగ్గర 56 వస్తే నిష్పత్తి 0.40. 0.70 కంటే తక్కువైతే జబ్బే. వేలి పీడనం 30 కంటే కిందికి పడిపోతే పుండు మానే ఆశ చాలా తక్కువ, కాలికి రక్తం తెప్పించే పని అప్పటికప్పుడు మొదలుపెట్టాలి. ఈ సౌకర్యం లేనిచోట డాప్లర్ తరంగం చూడమనండి. మంచి ధమనిలో ఒక్కో కొట్టుకు తరంగం పైకీ కిందికీ పోయి మళ్లీ లేస్తుంది, పూడినదాంట్లో చదునుగా, ఒకే గుట్టలా వస్తుంది.

ఇంట్లో చూడదగ్గది ఇంకొకటి. మంచం మీంచి వేలాడేసిన పాదం ఎర్రగా కనిపిస్తే ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. పడుకోబెట్టి ఆ కాలిని ఒకటి రెండు నిమిషాలు ఎత్తి పట్టుకోండి. ఎరుపు పోయి పాదం తెల్లగా పాలిపోతే అది రక్తం చాలక వచ్చిన ఎరుపు.

వేలు తీసేయాలి అని ఎవరైనా అంటే, పైనుంచి రక్తం వస్తోందో లేదో చూశారా అని అడగండి. రక్తం లేనిచోట కోసిన గాయం మానదు, తర్వాత పక్క వేలు, ఆపైన పాదం. చీము పట్టి, జ్వరం ఉంటే మాత్రం చీము తీయడం ఆగకూడదు. యాంజియోప్లాస్టీ గానీ బైపాస్ గానీ ఆ వెంటనే.

చేయాల్సినవి, చేయకూడనివి

పుండు గానీ, పడుకున్నా పోని నొప్పి గానీ లేనివాళ్లకు నడకే మంచి మందు. నొప్పి ఓ మోస్తరుగా వచ్చేదాకా నడవాలి, పూర్తిగా పోయేదాకా నిలబడాలి, మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడుసార్లు, 12 వారాలు. రెండు వారాలకే ‘తగ్గలేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ.

పొగ పూర్తిగా మానాలి. కొలెస్ట్రాల్ రిపోర్టు బాగుందని డాక్టరు రాసిన స్టాటిన్ ఆపేయకండి. కాళ్లలో పూడిక ఉంటే గుండెపోటు, పక్షవాతం ముప్పూ పెరుగుతుంది, ఆ మాత్ర అందుకు కూడా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ సంగతీ అంతే. సిలోస్టజోల్ అనే మాత్ర నడక దూరం పెంచుతుంది, కానీ హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లు వేసుకోకూడదు. కాలు వాచిందని బిగుతు స్టాకింగ్స్ కొని తొడిగించకండి, రక్తం తక్కువున్న కాలికి అవి హాని చేస్తాయి. స్పర్శ లేని పాదానికి వేడినీళ్ల సంచి పెట్టొద్దు, ఆనెలను బ్లేడుతో కోయొద్దు.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, వేళ్లు కదలకపోతే రేపటిదాకా ఆగొద్దు. రక్తం గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, గంటలు గడిచేకొద్దీ కాలు చేజారుతుంది. రక్తనాళాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. మర్దనలూ కాపడాలూ వద్దు.

మిగతా కారణాలు అరుదు. నలభై అయిదు లోపు బీడీ తాగేవాళ్లకు వేళ్లు నల్లబడితే బర్గర్ జబ్బు (పొగాకు వల్ల కాళ్లూ చేతుల్లోని చిన్న ధమనులు మూసుకుపోయేది) అనుమానించాలి, పొగ ఆపకుండా ఏ వైద్యమూ పనిచేయదు. పడుచు అమ్మాయిల్లో ఒక చేతికి బీపీ దొరక్కపోతే టకయాసు (పెద్ద ధమనుల గోడలు వాచి సన్నబడే జబ్బు) గురించి అడగండి. మోకాలి వెనక కండరం ధమనిని నొక్కే కేసులు క్రీడాకారుల్లో ఎప్పుడో ఒకటి కనిపిస్తాయి.