అలియాస్ నంబర్ ఒకటి తీసేస్తే మూడు ఐపీలు మాయం

మా ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో ఒకే నెట్‌వర్క్ కార్డు మీద ఆరు ఐపీలు (నెట్‌వర్క్ చిరునామాలు) ఉండేవి: అసలుది ఒకటి, అలియాస్0 నుంచి అలియాస్4 దాకా అలియాస్‌లు, అంటే అదనపు ఐపీలు, ఐదు. అక్కర్లేని ఒకదాన్ని వారం కిందట నేనే తీసేశాను, సెట్టింగుల ఫైలు ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో దాని అలియాస్1 లైను కూడా చెరిపేసి మర్చిపోయాను. మొన్న కరెంటు పోయి సర్వర్ రీబూట్ అయ్యాక చూస్తే రెండే ఐపీలు పింగ్‌కు పలుకుతున్నాయి, మిగతా మూడింటి జాడే లేదు, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. కేబుల్ మార్చాను, స్విచ్‌ని తిట్టుకున్నాను, గంట గడిచింది.

తీరా చూస్తే విషయం ఇంతే: సిస్టమ్ అలియాస్0 నుంచి వరసగా చదువుకుంటూ పోతుంది, మధ్యలో ఒక నంబర్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. 2, 3, 4 లను 1, 2, 3 చేశాను. అన్నీ ఒకే సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒకే భాగం) కాబట్టి అలియాస్‌లన్నింటికీ నెట్‌మాస్క్ (ఆ భాగం ఎంతవరకో చెప్పే సంఖ్య) 255.255.255.255, అసలు ఐపీకి మాత్రమే 255.255.255.0.

నెట్‌వర్క్ రీస్టార్ట్ మాత్రం ఎస్ఎస్‌హెచ్‌లోంచి, అంటే దూరం నుంచి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయి, చేయకండి (ఓసారి చేసి కనెక్షన్ తెగి సర్వర్ రూముకి పరిగెత్తాను), కన్సోల్ దగ్గర, అంటే సర్వర్ సొంత కీబోర్డు, తెర ముందు కూర్చుని చేసి, వెంటనే రౌటింగ్ సర్వీసు కూడా రీస్టార్ట్ చేయండి, లేదంటే డీఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు వెళ్లే దారి) ఎగిరిపోతుంది.