పాత సూపర్ 8 కెమెరా కొనేముందు ఫిల్మ్ సంగతి చూస్కోండి

సూపర్ 8 అంటే 8 ఎమ్ఎమ్ వెడల్పు ఫిల్మ్ మీద చిన్న సినిమాలు తీసుకునే కెమెరా. చాలామంది ముందు కెమెరా మీద మనసుపడి కొనేసి ఆ తర్వాత ఫిల్మ్ కోసం వెతుకుతారు, నేనూ అదే పని చేశా. ఉల్టా చెయ్యాలి అసలు. ఏ ఫిల్మ్ ఇంకా తయారవుతోంది, దాన్ని కడిగే ల్యాబ్ ఎక్కడుంది, ఇవి తేలాకే కెమెరా.

మొదటిసారైతే సూపర్ 8 తీస్కోండి. 1965లో కొడాక్ తెచ్చింది, 50 అడుగుల ఫిల్మ్ ఉన్న ప్లాస్టిక్ డబ్బా, అదే కార్ట్రిడ్జ్, టక్కున దూర్చేస్తే చాలు. సెకనుకి 18 ఫ్రేములైతే 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది, 24 అయితే రెండున్నర నిమిషాలే. 1932 నాటి రెగ్యులర్ 8లో రీలు ఒక పక్క తీశాక తిరగేసి మళ్ళీ ఎక్కించాలి, చేతులు అలవాటు పడేదాకా చిరాకే. ఫూజీ వాళ్ళ సింగిల్ 8 ఫిల్మ్ కూడా సూపర్ 8 సైజే, కానీ కార్ట్రిడ్జ్ వేరు, ఆ కెమెరాలో సూపర్ 8 పట్టదు. 16 ఎమ్ఎమ్ బాగుంటుంది, దాని జోలికి తర్వాత వెళ్దురుగాని.

కెమెరా చేతికొచ్చాక మొదట బ్యాటరీ మూత తియ్యండి, లోపల పచ్చగా తెల్లగా పొడి పేరుకుపోయి ఉంటే బేరం ఆపేయొచ్చు. మామూలు ఏఏ సెల్స్‌తో నడిచేదైతే హాయి, ఎందుకంటే కొన్ని మోడల్స్‌లో వెలుతురు కొలిచే లైట్ మీటర్‌కి విడిగా 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కావాలి, అవి ఇప్పుడు తయారు కావట్లేదు. తర్వాత సెల్స్ వేసి, ఫిల్మ్ పెట్టే తలుపు తీసి ట్రిగ్గర్ నొక్కి చూడండి, చిన్న కిటికీ లాంటి గేట్ పక్కన గోరంత కొక్కెం ఒకటి చకచకా కిందికీ పైకీ ఆడాలి. మోటార్ గుర్రుమని సౌండొస్తే సరిపోదండోయ్, మీటర్ కూడా చూడాలి: వ్యూఫైండర్‌లో చూస్తూ కిటికీ వైపు ఓసారి, చీకటి మూల వైపు ఓసారి తిప్పితే ముల్లు కదలాలి. నేను కొన్నదాంట్లో మోటార్ భేషుగ్గా తిరిగింది, మీటర్ చచ్చిపోయి ఉంది, కార్ట్రిడ్జ్ మొత్తం నల్లగా వచ్చింది. ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద పడే వెలుతురు, చేత్తో మార్చుకునే వీలుంటే వదలొద్దు.

ఫిల్మ్‌కొస్తే, ఎండలో 50డి, ఇంట్లో రాత్రిపూట 500టి, రెంటికీ మధ్యన 200టి. డి అంటే పగటి వెలుగుకి, టి అంటే బల్బు వెలుగుకి చేసిన ఫిల్మ్. ఇవి నెగటివ్స్, స్కాన్ చేయించుకోవాలి, ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయినా భరిస్తాయి. ప్రొజెక్టర్లో చూస్కోవాలంటే ఎక్టాక్రోమ్ లేదా బ్లాక్ అండ్ వైట్ ట్రై-ఎక్స్, ఎక్టాక్రోమ్ మాత్రం తప్పులు అస్సలు క్షమించదు.

ఇంకోటి, అందరూ తికమకపడేది. చాలా కెమెరాల మీద సూర్యుడి బొమ్మ, బల్బు బొమ్మ ఉన్న స్విచ్ ఉంటుంది. సూర్యుడి దగ్గర పెడితే లోపల నారింజ రంగు ఫిల్టర్ అడ్డమొస్తుంది, అది టి ఫిల్మ్‌ని ఎండలో వాడేటప్పుడు కావాలి. 50డి వేశారంటే ఎండలో ఉన్నాసరే స్విచ్ బల్బు దగ్గరే పెట్టాలి, లేదంటే అంతా నారింజ రంగులోకి పోతుంది.

కోడాక్రోమ్ అనే పాత కలర్ ఫిల్మ్ డబ్బా ఏదైనా దొరికితే షెల్ఫ్‌లో పెట్టుకోండి, దాని రంగుల ప్రాసెసింగ్ 2010 చివర్లోనే ఆగిపోయింది, ఇప్పుడు కడిగించినా బ్లాక్ అండ్ వైట్‌గానే వస్తుంది.