పొగబెట్టిన సాల్మన్ ఎండు చేప కాదు

2024 అక్టోబర్ 30న మన తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒకరు చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక వచ్చిన ఉత్తర్వు అది. అప్పటి నుంచి మయోనీస్ అంటే ఇళ్లలో జంకుతున్నారు, మంచిదే. కానీ అంతకు తగ్గని జాగ్రత్త కోరే ఇంకో పదార్థం ఇప్పుడు వరంగల్, కరీంనగర్ ఫ్రిజ్‌లలోకి వస్తోంది. దాని గురించి ఎవరికీ భయం లేదు. అదే స్మోక్డ్ సాల్మన్, అంటే ఉప్పు పట్టించి పొగబెట్టిన సాల్మన్ చేప.

మే నెల రాగానే అమెరికా, లండన్‌ల నుంచి పిల్లలు సెలవులకు దిగుతారు. సూట్‌కేసులో చాక్లెట్ల పక్కనే గాలి తీసి సీల్ చేసిన సాల్మన్ ప్యాకెట్ ఉంటుంది. ఎవరూ తేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. మిరుగం (మృగశిర కార్తె) దగ్గర పడుతుంటే ఎలాగూ మనసు చేప మీదికే పోతుంది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా పది నిమిషాల్లో భోజనం సిద్ధమవుతుంది కనుక ఈ ఎండల్లో సాల్మన్ ఎంతో సుఖం. అయితే హన్మకొండలో ఎండ నలభై దాటేది, రామగుండంలో ఇంకా పైకి పోయేది, సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయేదీ ఈ రోజుల్లోనే.

చేతులు కడుక్కోండి, కత్తి, పలక శుభ్రంగా పెట్టుకోండి అనేవి ఇక్కడ రాయడం లేదు. అవి అందరికీ తెలిసినవే.

అసలు తప్పు ఎక్కడ

మన ఇళ్లలో ఎండు చేపలు, ఎండు రొయ్యలు డబ్బాలో పోసి అటక మీద పెడతారు. నెలలు గడిచినా ఏమీ కావు. అదే అలవాటుతో సాల్మన్ ప్యాకెట్‌ను చూసి "పొగ పెట్టిందే కదా, ఉప్పు పట్టించిందే కదా, పాడుకాదులే" అనుకుంటారు. మనుషులను ఆసుపత్రికి పంపేది ఈ ఒక్క మాటే. ఎండు చేపలో నీరు ఎండకు ఇగిరిపోతుంది, పైగా ఉప్పు దండిగా ఉంటుంది. అందుకే క్రిములు పెరగవు. స్మోక్డ్ సాల్మన్‌లో నూటికి 60 పాళ్ల పైన నీరే, ఉప్పేమో 3 పాళ్ల దగ్గర. అది నిలవ చేప కాదు. ఫ్రిజ్‌లో కొన్నాళ్లు ఆగే పచ్చి చేప, అంతే.

ఇందులో రెండు రకాలున్నాయి. పల్చటి పొరలుగా, కొంచెం అద్దంలా మెరుస్తూ, మెత్తగా సాగేది కోల్డ్ స్మోక్డ్. ఇది 30 డిగ్రీలు దాటని పొగలో తయారవుతుంది. అంటే మే నెలలో మన వంటింట్లో ఉండే వేడి కన్నా ఆ పొగ చల్లగా ఉంటుంది. ఆ వేడికి ఏ క్రిమీ చావదు. రెండోది హాట్ స్మోక్డ్. 60 డిగ్రీలు దాటిన వేడికి కండ ఉడికి, తెల్లబారి, వేలితో నొక్కితే రేకులుగా విడిపోతుంది. తినడానికి ఇది నయం. అయినా ఇదీ ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. బయట పెడితే దీనికీ అదే గతి.

"ఇండియన్ సాల్మన్" పేరుతో మార్కెట్లో అమ్మే రావస్ వేరే చేప. దాన్ని ఇంట్లో పొగబెట్టి పచ్చిగా తినే ప్రయోగం చేయొద్దు.

ప్రయాణంలో

షికాగోలోనో లండన్‌లోనో ఫ్రిజ్ నుంచి తీసినప్పటి నుంచి లెక్క వేయండి. విమానాశ్రయానికి పోవడం, విమానం, మధ్యలో ఆగడం, శంషాబాద్‌లో సామాను రావడం, అక్కడి నుంచి జనగామ మీదుగా హన్మకొండ దాకా కారు డిక్కీ. అన్నీ కలిపితే ఒక రోజు దాటుతుంది. బట్టల మధ్య చుట్టి పెట్టిన ప్యాకెట్ సగం దారిలోనే గది వేడికి వచ్చేస్తుంది. ఇంటికి రాగానే డీప్ ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ గట్టిపడుతుంది కానీ మంచిదైపోదు. దారిలో పెరిగిన క్రిములను ఫ్రీజర్ నిద్రపుచ్చుతుంది, చంపదు. విషం తయారై ఉంటే అదీ పోదు.

తెచ్చేవాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి: ఫ్రిజ్ అరలో అమ్మేది వద్దు, తెరిచేదాకా బయట ఉంచవచ్చని రాసి ఉన్న రేకు పౌచ్‌ది కానీ డబ్బాది కానీ తెమ్మనండి. సీల్ వేశాక అధిక వేడి మీద పూర్తిగా ఉడికించినది కాబట్టి అది ప్రయాణానికి తట్టుకుంటుంది. రుచి కోల్డ్ స్మోక్డ్ అంత సున్నితంగా ఉండదు, ఉడికిన చేప రుచే వస్తుంది. అన్నంలోకి మాత్రం మనకు అదే బాగుంటుంది.

ఆన్‌లైన్‌లో వస్తే డెలివరీ అబ్బాయి ముందే పెట్టె తెరవండి. ప్యాకెట్ మధ్యలో రాయిలా గట్టిగా ఉండాలి. వంగితే వెనక్కి పంపండి. కవర్ లోపల ఒక మూలకు గులాబీ రంగు మంచు గడ్డ కట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు. అదీ వెనక్కే. హైదరాబాద్‌లో ఉన్న చుట్టాలతో బస్సు పార్సిల్‌లో వేయించుకోవడం మానండి.

కవర్ కోసి కరిగించండి

ఇది చాలామందికి తెలియదు. గాలి తీసిన కవర్‌లోనే ఉంచి కరిగించడం ప్రమాదం. బోటులినం అనే క్రిమి గాలి లేని చోటే పెరుగుతుంది. చేపల్లో కనిపించే దాని రకం 3.3 డిగ్రీల చలిలో కూడా పెరగగలదు, వాసన ఇవ్వదు. 1963లో అమెరికాలో గ్రేట్ లేక్స్ ప్రాంతం నుంచి వచ్చిన పొగబెట్టిన చేప ప్యాకెట్లు తిని జనం చనిపోయింది దీనివల్లే. అవీ గాలి తీసి సీల్ చేసినవే. చల్లగా ఉంచకుండా లారీలో తరలించారు.

చేయాల్సింది ఇలా. ఫ్రీజర్ నుంచి తీయగానే కవర్ పైన తడి తుడవండి. కత్తెరతో ఒక అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా కోయండి, చిన్న గాటు చాలదు. స్టీలు డబ్బాలో పెట్టి, మూత వదులుగా వేసి, ఫ్రిజ్‌లో కూరగాయల డ్రాయర్ పైన ఉన్న అరలో వెనక్కి తోసి పెట్టండి. అక్కడ చలి ఎక్కువ. తలుపు అరలో పెట్టొద్దు, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడికే వేడి గాలి తగులుతుంది. 200 గ్రాముల ప్యాకెట్ రాత్రి పెడితే తెల్లారేసరికి సిద్ధం. డబ్బా మీద తేదీ రాయండి. రెండు రోజుల్లో అయిపోవాలి. నీళ్ల గిన్నెలో వేసో, ఎండలో పెట్టో కరిగించకండి.

పచ్చిగా తినకూడనివాళ్లు

గర్భిణులు, 65 దాటినవాళ్లు, చిన్న పిల్లలు, క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు. వీళ్లకు కోల్డ్ స్మోక్డ్ ఒక్క పొర కూడా పచ్చిగా పెట్టొద్దు.

కారణం లిస్టీరియా. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే క్రిమి ఇది. 2014 నుంచి 2019 దాకా యూరప్‌లో కోల్డ్ స్మోక్డ్ చేప తిని 22 మందికి ఇది సోకితే 5గురు చనిపోయారు. అక్కడి చల్లటి దేశాల్లో, మంచి ఫ్రిజ్‌లు ఉన్న ఇళ్లలో జరిగిన సంగతి ఇది. గర్భిణికి మామూలు జ్వరం, ఒళ్లునొప్పుల్లా వచ్చి పోతుంది, లోపల బిడ్డ ప్రాణానికి వస్తుంది. పైగా తిన్న వెంటనే బయటపడదు, కొన్ని వారాలు పట్టవచ్చు, 70 రోజుల దాకా కూడా. అప్పటికి ఏం తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయికి ప్రేమతో వడ్డించే ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

బాగా వేడి చేస్తే లిస్టీరియా చస్తుంది. ముక్క మధ్యలో కూడా ఆవిరి వచ్చేంత వేడి ఎక్కాలి.

ఏం చేసుకోవచ్చు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు జొన్న రొట్టె మీద. ఇద్దరికి రెండు రొట్టెలు, 100 గ్రాముల సాల్మన్, 200 గ్రాముల పెరుగు చాలు. పెరుగును బట్టలో కట్టి ఫ్రిజ్‌లోనే మూడు గంటలు వడకట్టండి, నల్లాకు వేలాడదీస్తే ఈ ఎండకు పులిసిపోతుంది. గట్టిపడ్డ పెరుగులో మిరియాల పొడి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, దొరికితే సోయకూర కలిపి, గోరువెచ్చగా చల్లారిన రొట్టె మీద రాయండి. పొగలు కక్కే రొట్టె మీద వేస్తే చేప కొవ్వు కరిగి నూనె ఓడుతుంది. కీర ముక్కలు, రెండు చెంచాల పచ్చి మామిడి తురుము, చివరగా సాల్మన్. ఉప్పు వేయొద్దు. 100 గ్రాముల సాల్మన్‌లోనే దాదాపు 3 గ్రాముల ఉప్పుంది. ఒక మనిషికి రోజుకు 5 గ్రాములు మించొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బీపీ ఉన్నవాళ్లకు ఇది ఊరికే చెప్పే మాట కాదు.

అందరూ తినేలా అయితే సేమ్యా మేలు. నూనెలో ఉల్లిగడ్డ, రెండు పచ్చి మిరపకాయలు, అల్లం వేగాక ఒకటిముప్పావు కప్పు నీళ్లు మరిగించి, వేయించిన కప్పు సేమ్యా వేయండి. నీళ్లు సగం ఇగిరాక 100 గ్రాముల సాల్మన్ ముక్కలు వేసి మూత పెట్టి నాలుగు నిమిషాలు. అద్దంలా మెరిసే ముక్క ఒక్కటీ మిగలకూడదు. అన్నీ పాలిపోయిన గులాబీ రంగుకు వచ్చి, విరిస్తే రేకులు రావాలి. అప్పుడు రుచి చూసి, కావాలంటేనే ఉప్పు.

కోడిగుడ్డు పొరటులో వేస్తే సాల్మన్ ముక్కలను ముందు వెన్నలో రెండు మూడు నిమిషాలు వేయించి, తర్వాత గుడ్డు కొట్టండి. నాలుగు గుడ్లకు 60 గ్రాములు. చివర్లో పచ్చిగా చల్లడం వంట పుస్తకాల పద్ధతి, ఇంట్లో ముసలివాళ్లుంటే వద్దు. ఉడికించిన మూడు ఆలుగడ్డల వేపుడులోకీ ఇదే లెక్క, చేప చివరి మూడు నిమిషాల్లో.

హాట్ స్మోక్డ్‌ను రేకులుగా చిదిమి, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ తాలింపులో తిప్పి, ముద్దపప్పు అన్నంలో నంజుకుంటే బాగుంటుంది. పులుసు మాత్రం పెట్టకండి. ఉప్పంతా చారులోకి దిగుతుంది, ముక్క పీచు అవుతుంది. పులుసుకు మన చెరువు చేపే.

ఇక మిగతావి:

- ఫ్రిజ్ బయట గంట. అంతే. 32 డిగ్రీలు దాటిన గదిలో ప్లేటు గంటకు మించి ఉండకూడదు. మన దగ్గర మే, జూన్‌లలో ఏసీ లేని ప్రతి గదీ 32 దాటినదే.
- వాసన చూసి నిర్ణయించకండి. పొగ వాసన మిగతా వాసనలను కప్పేస్తుంది. జిగురు, పులుపు కంపు, ఉబ్బిన కవర్ కనిపిస్తే పారేయండి. అవి లేనంత మాత్రాన మంచిదని కాదు.
- నిమ్మరసం, మామిడి పులుపు, కారం క్రిములను చంపవు.
- సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైనుండే ఫ్రీజర్ గది చాలావాటిలో మైనస్ 18కి చేరదు. అందులో నెలల తరబడి దాచొద్దు.
- డీఫ్రాస్ట్ బటన్ నొక్కే ముందు ప్యాకెట్ ఎక్కడుందో చూడండి.
- ఇన్వర్టర్‌కు ఫ్రిజ్ కలిపి ఉండదు. కరెంటు పోతే తలుపు తీయకండి. నాలుగు గంటలు దాటితే కింది అరలోని సాల్మన్ పారేయండి.
- ఊరికి పోతున్నారా? గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి పొండి. వచ్చేసరికి బిళ్ల కిందికి దిగి ఉంటే లోపల అన్నీ కరిగాయి. ప్యాకెట్ చెత్తలోకి.
- కరిగినది మళ్లీ ఫ్రీజ్ చేయొద్దు.
- పారేయాల్సి వస్తే ఖరీదని చూడొద్దు.
- మయోనీస్‌తో కలపొద్దు. గట్టి పెరుగు ఉంది కదా.
- బోనాలకు, దావత్‌లకు, బఫేలకు ఇది పెట్టొద్దు. గంట లెక్క అక్కడ ఎవరూ చూడరు.
- టిఫిన్ డబ్బాలో పిల్లలకు కట్టొద్దు.
- మిగిలింది కుక్కకు, పిల్లికి వేయొద్దు.
- "ఎండు చేపలాంటిదే కదా" అని ఎవరన్నా అంటే ప్యాకెట్ వాళ్ల చేతి నుంచి తీసుకొని ఫ్రిజ్‌లో పెట్టండి.
- అనుమానం వచ్చినదాన్ని ఉడికించి తినేద్దామనుకోవద్దు. పారేయండి.
- తిన్న తర్వాత కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లోగా ఒక వస్తువు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం. బోటులినం విషానికి గుర్తులివి. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆర్ఎంపీ దగ్గరికి కాదు, నేరుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, వెంటిలేటర్ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రికో.
- గర్భిణికి జ్వరం వస్తే, గత రెండు నెలల్లో ఈ చేప తిన్నదా అన్నది డాక్టర్‌కు మీరే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.
- ఖాళీ కవర్‌ను రెండు నెలల దాకా పారేయకండి. అవసరమైతే బ్యాచ్ నంబర్, తేదీ ఉన్న ఆ ముక్కే డాక్టర్‌కు చూపించాలి.