ఇరకం దీవికి ఒకరోజు ప్రయాణం: నీటి అంచున భోజనం ఎక్కడ, ఎప్పుడు

తిరుపతి నుంచి తెల్లవారుజామున బయలుదేరి, ఒక దీవి చూసి, నీటి అంచున కూర్చుని చేపల పులుసుతో భోజనం చేసి, రాత్రికి ఇంటికి చేరాలనుకునే వారికి పులికాట్ సరస్సులోని ఇరకం అనువైన దీవి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక తడ, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకే వచ్చాయి కనుక ఇది సొంత జిల్లాలోని ప్రయాణమే. శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడకు సుమారు రెండు గంటల దారి. అక్కడికి సమీపంలోని భీములవారిపాళెం పడవల రేవు నుంచి ఇరకానికి వెళ్లాలి. అయితే చెన్నై, పుదుచ్చేరి తీరాల్లోలాగా నీటికి ఎదురుగా హోటళ్లు బారులు తీరి ఉంటాయనుకుని వెళ్లేవారికి ఇక్కడ నిరాశ తప్పదు. ఈ సరస్సు దగ్గర మంచి దృశ్యం ఒకచోట, మంచి వంట మరొకచోట ఉంటాయి. అందువల్ల ముందుగా హోటలును ఎంచుకుని పడవను దానికి సర్దుకోవడం కాకుండా, పడవ వేళను ఖాయం చేసుకున్నాకే భోజనం సంగతి ఆలోచించడం మేలు.

నీటి అంచు అన్నది ఏ నెలలో ఎక్కడ ఉంటుందో కూడా ముందే తెలుసుకోవాలి. మన దేశంలో చిలికా తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా, దీని లోతు చాలాచోట్ల నడుము దాటదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, ఎండలు ముదిరే కొద్దీ ఉత్తర భాగం బురద నేలగా మారిపోతుంది. సముద్రపు నీరు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోయిన సంవత్సరాల్లో పరిస్థితి మరీ కష్టం. అప్పుడు చేపలూ తగ్గుతాయి, పడవలూ ఇబ్బంది పడతాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సరస్సు ఒడ్డున భోజనం అంటే ఎండిన నేలను చూస్తూ తినడమే కావచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నీరూ ఉంటుంది, ఫ్లెమింగోలూ ఉంటాయి. ప్రయాణానికి అదే అనువైన కాలం.

రేవుకు చేరగానే తిరుగు పడవ ఎన్ని గంటలకో, గాలి పెరిగితే ఏం చేస్తారో అడిగి తెలుసుకోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవను, జనాన్ని కిక్కిరిసి ఎక్కించే పడవను తక్కువ ధర అని ఎక్కకూడదు. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో, తమిళనాడు వైపున ఉన్న పళవేర్కాడు దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. పండుగ రోజున సరదాగా వెళ్లిన కుటుంబాలవి. లోతు తక్కువే కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఉదయపు టిఫిన్‌కు దృశ్యం గురించి ఆలోచించనవసరం లేదు. శ్రీకాళహస్తిలోనో దారిలోనో జనం బాగా ఉన్న హోటలు చూసుకుని, ఇడ్లీయో పొంగలో వేడిగా తిని కదలడమే మంచిది. నూనె ఎక్కువైన పూరీ, వడలు పడవలో కొందరికి కడుపులో తిప్పుతాయి. కాళహస్తీశ్వరుడి దర్శనం కూడా ఇదే ప్రయాణంలో కలుపుకోవాలని పెద్దలు అనడం సహజం. కానీ కాళహస్తిలో దర్శనం అయ్యాక నేరుగా ఇంటికే రావాలన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది. పోనీ తిరుగుదారిలో వెళ్దామంటే, మధ్యాహ్నం చేపలు తిని గుడి మెట్లెక్కడానికి మనసొప్పదు. దర్శనాన్ని మరో రోజుకు ఉంచుకోవడమే సుఖం.

దీవిలో హోటలు దొరుకుతుందన్న భరోసాతో వెళ్లకూడదు. ఇరకం మత్స్యకారులు నివసించే పల్లె. పర్యాటకుల కోసం కట్టిన విహారకేంద్రం కాదు. పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు, మనిషికి రెండు లీటర్ల చొప్పున తాగునీరు వెంట తీసుకువెళితే అక్కడి రెండు మూడు గంటలు హాయిగా గడుస్తాయి. తెలిసినవారి ద్వారా ఏదైనా ఇంట్లో వంట చేయించుకునే వీలుంటే ముందురోజే మాట్లాడి, ఎంతమందికో, ఎంత డబ్బో ఖాయం చేసుకోవాలి. ఇది పక్షుల అభయారణ్యం కూడా కాబట్టి విస్తరాకులు, సీసాలు అన్నీ తిరిగి తెచ్చుకోవాలి.

అసలు భోజనం తిరిగి వచ్చాకే. రేవు దగ్గర నీటికి ఎదురుగా పాకల కింద వండిపెట్టేవారు కనబడితే, ముందు పొయ్యి దగ్గరకు వెళ్లి చూడాలి. అప్పటికే ఎర్రని మసాలా పట్టించి పళ్లెంలో పేర్చిన ముక్కలను చూసి ఆశపడకూడదు. ఆ ఎరుపు కింద చేప ఎన్నాళ్లదో ఎవరికీ తెలియదు. మసాలా పట్టించని చేప చూపించమని అడగాలి. మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉండాలి, కన్ను లోపలికి కుంగకుండా మెరవాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. రొయ్య తల మొండేన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి, నల్లబడకూడదు. ఎండ్రకాయ బతికే ఉండాలి. చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు తెలియాలి. కాలి దగ్గర డిప్ప నొక్కితే లోపలికి పోతోందంటే అది కొత్తగా డిప్ప మార్చుకున్నది, కండ బదులు నీరే ఎక్కువ ఉంటుంది.

ఈ రోజు సరస్సులో పడిన చేప ఏదని అడగడం మంచి పరీక్ష. మడవ అనో రొయ్య అనో జవాబు వస్తే కూర్చోవచ్చు. వంజరం అని చెబితే అది సముద్రపు చేప, ఐసు పెట్టెలో వచ్చి ఉంటుంది; రుచికి లోటు లేకపోవచ్చు గానీ దాని కోసం ఇంత దూరం రానక్కరలేదు. రొయ్యల విషయంలో చెరువుల్లో పెంచిన వనామినే సరస్సు రొయ్యగా అమ్మడం జరుగుతుంటుంది కనుక ధర చెల్లించే ముందే అడగాలి. ఎండ్రకాయలకు, పెద్ద చేపలకు ధర పచ్చి బరువుకా, వండిన ముక్కకా అన్నది తూకం ముందే తేల్చుకోకపోతే బిల్లు దగ్గర మాటలు పెరుగుతాయి. ఎండ్రకాయల కూరకు సమయం పడుతుంది; పడవ ఎక్కే ముందే చెప్పి వెళితే తిరిగి వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. వేపుడు మాత్రం కూర్చున్నాకే వేయించాలి.

ఒడ్డున ఉన్నవి వీటిలో ఏ పరీక్షకూ నిలవకపోతే, అక్కడ టీ మాత్రం తాగి, తడలోనో సూళ్లూరుపేటలోనో జాతీయ రహదారి మీది భోజన హోటలుకు వెళ్లాలి. అక్కడ నీరు కనిపించదు, లారీలు కనిపిస్తాయి. అయినా రోజంతా గిరాకీ ఉండే చోట సరుకు నిలవ ఉండదు. మామిడికాయ ముక్క వేసిన నెల్లూరు చేపల పులుసు అన్నంలో కలుపుకున్నాక కిటికీ ఎటువైపు ఉందో ఎవరికీ గుర్తుండదు.

మనవాళ్లకు మరో చిక్కు పంచాంగంతో వస్తుంది. సరస్సు నిండుగా ఉండే రోజుల్లోనే కార్తీకం, ఆ తరువాత ధనుర్మాసం వస్తాయి. శనివారం మాంసం, చేపలు ముట్టనివారు, మరునాడు తిరుమల కొండకు వెళ్లాల్సినవారు కూడా ప్రతి బృందంలో ఒకరిద్దరు ఉంటారు. చేపల పాకలో వారికి సాంబారు పోసినా గరిటె ఒకటే కావచ్చు. అందరూ కలిసి కూర్చోవాలంటే, శాకాహారం విడిగా వండే హోటలు పట్టణంలోనే వెతకడం న్యాయం.

శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్న రోజున, ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో సూళ్లూరుపేట హోటళ్లు కిటకిటలాడతాయి. ఆ తేదీలు చూసుకుని, వెళ్లక తప్పనివారు పదకొండున్నరకే భోజనం ముగించుకుని మధ్యాహ్నపు పడవ ఎక్కవచ్చు. మామూలు రోజుల్లో భోజనం అయ్యాక వేళ మిగిలితే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు సరస్సు మధ్యగా సాగే రోడ్డులో అటకానితిప్ప దాకా వెళ్లి పక్షులను చూడవచ్చు. తిరుగు ప్రయాణంలో కాళహస్తి దాకా రాత్రి దారి కాబట్టి డ్రైవరుకు కూడా మీతోపాటే వేళకు భోజనం పెట్టించండి, కానీ కడుపు బరువెక్కేంతగా బలవంతపెట్టకండి.