పీహెచ్‌డీ సర్వేకి ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద సర్వేకి ప్రశ్నలు సరిచూసుకోవడానికని కవిటి మండలంలో ఒక ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయనకి నా అంగీకార పత్రం చిత్తుప్రతి చదివి వినిపించాను. రెండు పేజీలూ ఓపిగ్గా విని, "ఇదేటి బావూ, లోన్ కాగితమేటి?" అన్నాడు. అనడా మరి! "స్వచ్ఛంద సమ్మతి", "గోప్యతా పరిరక్షణ" అంటూ నేను రాసుకెళ్ళిన భాష అలాంటిది. అందుకే ఇప్పుడు జూనియర్లు ఎవరు అడిగినా, ముందు అంగీకార పత్రం రాయండి, సినాప్సిస్ (పరిశోధన సారాంశం) తర్వాత, అని చెప్తున్నాను.

దానికి ముందు ఒక అపోహ. రక్తం తీస్తేనే అనుమతి కావాలని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యం గురించి ప్రశ్నలు అడిగినా, ఆసుపత్రి రికార్డులు తిరగేసినా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్ళకి హాని జరగకుండా చూసే కమిటీ) దగ్గరికి వెళ్ళాల్సిందే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు సామాజిక పరిశోధనని కూడా కలుపుకునే మాట్లాడతాయి. "నా సర్వేలో ప్రమాదమేం లేదు, అనుమతి అక్కర్లేదు" అని తేల్చాల్సింది మీరు కాదు, కమిటీ. డేటా అంతా పోగుచేసుకొచ్చి అప్పుడు అనుమతి అడిగితే ఇవ్వరు.

మొదట అంగీకార పత్రం

మీరెవరు, ఎందుకు వచ్చారు, ఎంతసేపు పడుతుంది, నొప్పి గానీ నష్టం గానీ ఉంటుందా, చెప్పిన విషయాలు ఎవరు చూస్తారు, ఇవన్నీ ఉండాలి. వద్దంటే పింఛనూ, వైద్యమూ ఏదీ ఆగదని, మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరని స్పష్టంగా రాయాలి. మీ ఫోన్ నంబరుతో పాటు కమిటీ నంబరూ ఇవ్వాలి. రాశాక ఐదో తరగతితో చదువు ఆపేసిన మీ పిన్నికో అత్తకో చదివి వినిపించండి. ఆవిడ ఎక్కడ మొహం చిట్లిస్తే అక్కడ మార్చండి.

సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తే, మీకు సంబంధం లేని సాక్షి పక్కనుండి సంతకం చేయాలి. సీతంపేట వైపు సవర గూడేలకి వెళ్తే తెలుగు కాగితం చాలదు, సవరలో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి హాస్టల్ వార్డెనో ఆఫీసరో కాకుండా చూసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి ఉన్నా, ఏడేళ్ళు దాటినవాళ్ళ ఇష్టం కూడా విడిగా అడగాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టులో చాలా పత్రాల మీద హాస్టల్ వార్డెన్లూ, హెడ్మాస్టర్లే సంతకాలు పెట్టేశారు. 2010లో కేంద్రం ఆ ప్రాజెక్టుని ఆపించింది. కమిటీలో కూర్చునే వాళ్ళకి ఈ కథ బాగా తెలుసు.

ఎవరి అనుమతి దేనికి?

పలాసలో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు ఎలా కమిలిపోతున్నాయో చూడాలనుకున్నారనుకోండి. ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకుంటే గేటు తెరుచుకుంటుంది, అంతే. ఆయన ఒప్పుకోలు ఆ ఆడవాళ్ళ ఒప్పుకోలు కాదు. మేస్త్రీ ముందు వరసలో నిలబెట్టి అడిగితే కాదనేది ఎవరు? ఇంటి దగ్గర మాట్లాడతామని ప్రపోజల్‌లోనే రాయండి. ప్రశ్నావళి మీద పేరు బదులు నంబరు వేసి, పేర్ల జాబితాని విడిగా తాళం వేసి దాచండి.

ఫైలు, కమిటీ

ప్రపోజల్, తెలుగు ప్రశ్నావళి, అంగీకార పత్రం, మీ బయోడేటా, గైడ్ సంతకం, బడ్జెట్, స్థానిక అనుమతి లేఖలు. ఫారం ఎక్కడికక్కడ వేరు కాబట్టి కమిటీ మెంబర్ సెక్రటరీని అడిగి తెచ్చుకోండి. మీ సంస్థలో కమిటీ లేకపోతే, రాతపూర్వక ఒప్పందంతో వేరే సంస్థ కమిటీకి పంపవచ్చు.

ప్రమాదం దాదాపు లేని పనికి మినహాయింపు ఇవ్వవచ్చు, కొద్దిపాటి ప్రమాదమైతే ఒకరిద్దరు సభ్యులు త్వరగా చూసేస్తారు, మిగతావి పూర్తి కమిటీ ముందుకి వెళ్తాయి. రోగులు, గిరిజనులు, పిల్లలు ఉంటే పూర్తి కమిటీకే సిద్ధపడండి. కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, చైర్మన్ బయటి సంస్థ మనిషి, మీటింగుకి కనీసం ఐదుగురు రావాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్ళు, మామూలు పౌరులు కూడా కూర్చుంటారు.

నాకు టెన్షన్ పెట్టింది ఆ మామూలు మనిషే. నా సర్వేలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష కూడా ఉంది. "క్రియాటినిన్ ఎక్కువుందని తేలితే ఆ మనిషిని ఏం చేస్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఉద్దానంలో ఇప్పటికే ఎంతోమంది వచ్చి రక్తం తీసుకెళ్ళారు, రిపోర్టు చేతికి రాలేదన్న మాట ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. ఫలితం ఎవరు, ఎన్నాళ్ళలో చెప్తారో, పలాస కిడ్నీ ఆసుపత్రికి ఎలా పంపిస్తారో రాసి మళ్ళీ సమర్పించాకే నాకు అనుమతి వచ్చింది. మీరు ఆ పేరా ముందే రాసుకోండి, ఒక మీటింగు కలిసొస్తుంది.

అనుమతి వచ్చాక

లేఖలో ఉన్న వెర్షన్ నంబరు, తేదీ మీ పత్రం మీద ఉన్నవాటితో సరిపోవాలి. తర్వాత ఒక్క ప్రశ్న మార్చినా కమిటీకి చెప్పాలి. ఏడాదికి ఒకసారైనా రిపోర్టు ఇవ్వాలి. ఇంటికి వెళ్ళేటప్పుడు పత్రం రెండు కాపీలు పట్టుకెళ్ళండి, ఒకటి వాళ్ళకి. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ అరుగు పెద్దాయన తన కాపీని రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, "రిపోర్టు ఎన్నో తారీకన్నావు?" అని మళ్ళీ అడిగాడు.