ఊరి పేర్లు సరిచేయడానికి లూపు దేనికి?

మా ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో కస్టమర్ల అడ్రసులు కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లకి ఈ తిప్పలు తెలిసినవే. మనం బరంపురం అంటాం, ఇంకొకరు బెర్హంపూర్ అని కొడతారు, సర్కారు కాగితాల్లో బ్రహ్మపుర్. ఊరొక్కటే, ఎక్సెల్‌లో మూడు.

దీనికి లూపు పెట్టి, ఒక్కో పేరుకీ ఇఫ్‌ల మీద ఇఫ్‌లు రాయక్కర్లేదు. పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీలో, కాలమ్‌కి రీప్లేస్ (replace) అనే ఫంక్షన్ ఉంది. పాత పేరు కీగా, కొత్త పేరు వాల్యూగా ఒక డిక్షనరీ కట్టి దాని చేతికిస్తే ఒక్క లైన్‌లో పని అయిపోతుంది. డిక్షనరీలో లేని ఊళ్ల జోలికి పోదు. అదే డిక్షనరీ మ్యాప్ (map) అనే ఇంకో ఫంక్షన్‌కి ఇచ్చారో, లేని ఊళ్లన్నీ ఖాళీ అయిపోతాయి!

ఈ రీప్లేస్ మామూలుగా సెల్‌లోని మొత్తం మాటనే పోలుస్తుంది, ముక్కని కాదు. మనకి కావాల్సిందీ అదే. పర్లా అని పొట్టిగా రాసినవాటిని పర్లాకిమిడి చేద్దామని మాటలో ముక్కని కూడా మార్చేసే ఎస్‌టీఆర్ డాట్ రీప్లేస్ (str.replace) వాడితే, శుభ్రంగా ఉన్న పర్లాకిమిడి కాస్తా పర్లాకిమిడికిమిడి అవుతుంది. పేరు చివర స్పేస్ మిగిలినా మాట కలవదు కాబట్టి ముందు అటూ ఇటూ ఉన్న స్పేసులు తీసేసే ఎస్‌టీఆర్ డాట్ స్ట్రిప్ (str.strip) నడపండి. వచ్చిన ఫలితాన్ని మళ్లీ అదే కాలమ్‌లో వేసుకోండి, లేకపోతే పాత పేర్లే ఉంటాయి.