సి డ్రైవ్ తగ్గనంటే: ఒకే డిస్కులో విండోస్, లినక్స్ పెట్టుకునేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి కారణాలు, పరిష్కారాలు

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వంటి ఊళ్లలో తెలుగులోనూ ఒడియాలోనూ శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ కేంద్రాలకు విండోస్‌ను పూర్తిగా వదులుకోవడం కుదరదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగును, ఆకృతి ఫాంట్లతో ఒడియాను కూర్చి దాచుకున్న పాత ఫైళ్లు అక్కడే సరిగా తెరుచుకుంటాయి. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే అర్హతలు లేని పాత కంప్యూటర్లలో కూర్పు పనికి విండోస్‌ను ఉంచుకుని, ఇంటర్నెట్, ఈమెయిల్ పనులకు పక్కనే లినక్స్ రకాలైన ఉబుంటునో లినక్స్ మింట్‌నో వేసుకోవడం మంచి మార్గమని నా గట్టి నమ్మకం. చిక్కంతా ఆ రెండో దానికి డిస్కులో చోటు చేసేటప్పుడే వస్తుంది. ఆ చిక్కుల్లో ఎక్కువ భాగానికి కారణం పార్టిషన్లను, అంటే డిస్కులోని విభాగాలను, మార్చే సాఫ్ట్‌వేర్ కాదు; విండోస్ డిస్కును ఏ స్థితిలో వదిలిందో చూసుకోకుండా పని మొదలుపెట్టడమే.

ముందుగా ఫైళ్లన్నింటినీ వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి. రెండవది కరెంటు. చైత్ర, వైశాఖ మాసాల్లో సాయంత్రం పూట ఈదురుగాలి లేస్తే ఈ ప్రాంతంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము కనుక, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌పై ఈ పని మొదలుపెట్టకూడదు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండిన తరువాత, ఛార్జర్ తగిలించే ఉంచి చేయాలి. ముఖ్యంగా లినక్స్‌లోని పార్టిషన్ సాధనం జీపార్టెడ్‌తో ఒక పార్టిషన్ మొదటి అంచును జరిపినప్పుడు అందులోని డేటా అంతా కొత్త చోటికి తిరిగి రాయబడుతుంది. అది గంటల పని, మధ్యలో ఆగితే పార్టిషన్ మొత్తం చెడిపోవచ్చు. అందుకే విండోస్ పార్టిషన్‌ను కుడి అంచు నుంచి మాత్రమే, అదీ విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించడం మేలు.

సి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ వాల్యూమ్ కొద్ది జీబీలే ఇస్తానంటుంది

అందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. ష్రింక్ వాల్యూమ్ అంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్‌ను తగ్గించే ఆదేశం. డిస్క్ మేనేజ్‌మెంట్ పార్టిషన్‌ను చివరి నుంచి మాత్రమే కోయగలదు, పైగా అది కదపలేని ఫైళ్లు కొన్ని ఉంటాయి. కంప్యూటర్ నిద్రపోయేటప్పుడు మెమరీని దాచే హైబర్నేషన్ ఫైలు, మెమరీ చాలనప్పుడు వాడే పేజ్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ దాచిన నకళ్లు, ఫైళ్ల జాబితా ఉండే ఎమ్‌ఎఫ్‌టీ అటువంటివి. వాటిలో ఒక్కటి పార్టిషన్ చివర్లో కూర్చుని ఉన్నా, దానికి ముందు ఎంత ఖాళీ ఉన్నా ప్రయోజనం లేదు. అడ్డుపడుతున్న ఫైలు ఏదో ఊహించనక్కరలేదు. ష్రింక్ ప్రయత్నించిన వెంటనే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ విభాగంలో 259 సంఖ్య గల ఈవెంట్ చూస్తే, కదపలేకపోయిన చివరి ఫైలు పేరు అందులోనే ఉంటుంది.

పరిష్కారం ఇలా. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’ ఆదేశంతో హైబర్నేషన్ తీసివేయాలి. సిస్టమ్ ప్రొటెక్షన్‌ను సి డ్రైవ్‌కు ఆపి, పాత రిస్టోర్ పాయింట్లను తొలగించాలి. అవి మళ్లీ రావు కనుకనే బ్యాకప్ ముందు అన్నాను. పేజ్ ఫైలును ‘నో పేజింగ్ ఫైల్’గా మార్చి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి. పాత తరహా తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఒకసారి డీఫ్రాగ్ కూడా చేసి (చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చి), అప్పుడు ష్రింక్ ప్రయత్నించాలి. ఆ పెట్టెలో అంకె ఎంబీలలో ఇవ్వాలి కాబట్టి 60 జీబీ కావాలంటే 61440 అని రాయాలి. ఉబుంటు డెస్క్‌టాప్‌కు 25 జీబీ ఉంటే చాలంటారు గాని, అప్‌డేట్లు, ఫైళ్లు చేరాక అది ఇరుకవుతుంది. పని ముగిశాక పేజ్ ఫైలును, సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తిరిగి పెట్టడం మరువకూడదు.

వచ్చిన ఖాళీని అన్‌అలొకేటెడ్‌గానే, అంటే ఏ పార్టిషన్‌కూ చేర్చకుండానే, వదిలేయాలి. అక్కడ కొత్త వాల్యూమ్ సృష్టించబోతే, పార్టిషన్ల పట్టికను పాత ఎంబీఆర్ పద్ధతిలో రాసిన డిస్కులో అప్పటికే నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఉన్నప్పుడు, డిస్కును డైనమిక్‌గా మారుస్తానని విండోస్ అడుగుతుంది. దానికి ఒప్పుకోకూడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌తో వెనక్కి రావాలంటే వాల్యూములన్నీ తుడిచివేయాల్సి వస్తుంది. ఎంబీఆర్ డిస్కులో నాలుగే ప్రైమరీలకు చోటు కనుక, డి డ్రైవ్‌లోని ఫైళ్లను బయటికి తీసి, ఆ పార్టిషన్‌ను తొలగించి, అక్కడ ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరికొన్ని పార్టిషన్లు పట్టేది) చేసుకోవాలి. కొత్త పద్ధతి అయిన జీపీటీ డిస్కుకు ఈ బాధ లేదు.

లైవ్ పెన్ డ్రైవ్‌తో తెరిస్తే సి డ్రైవ్‌పై హెచ్చరిక గుర్తు కనిపిస్తుంది, లేదా ఫైళ్లు చదవడానికే వస్తాయి

లైవ్ పెన్ డ్రైవ్ అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపించే పెన్ డ్రైవ్. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ ఈ చిక్కుకు కారణం. షట్‌డౌన్ నొక్కినా అది డిస్కును పూర్తిగా మూయదు, సగం నిద్రలో వదులుతుంది. ఆ స్థితిలో లినక్స్ రాయడానికి నిరాకరించడం మన ఫైళ్ల క్షేమం కోసమే. బలవంతంగా తెరిపించే మార్గాలు వెతకవద్దు. విండోస్‌లోకి తిరిగి వెళ్లి, షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేస్తే డిస్కు పూర్తిగా మూతపడుతుంది. పైన చెప్పినట్లు హైబర్నేషన్ తీసివేస్తే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. అప్పటికీ హెచ్చరిక ఉంటే సి డ్రైవ్‌పై ‘సీహెచ్‌కేడీఎస్‌కే స్లాష్ ఎఫ్’ (చెక్‌డిస్క్) నడిపి, విండోస్‌ను రెండుసార్లు మామూలుగా తెరిచి మూయాలి.

నీలి తెరపై 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది

డ్రైవ్‌ను విండోస్‌లోని బిట్‌లాకర్ గాని, డివైస్ ఎన్‌క్రిప్షన్ గాని తాళం వేసి ఉంచింది, బూట్ పద్ధతిలో మార్పు చూసి అనుమానించింది. కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు ఇది మనకు తెలియకుండానే అమలులో ఉండవచ్చు. కీ ఆ ఖాతాలోనే దాగి ఉంటుంది. మన వైపు చాలామంది ల్యాప్‌టాప్ కొన్న దుకాణంలోనే సెటప్ చేయించుకుంటారు. దుకాణదారు తన ఖాతాతో లాగిన్ అయి ఇచ్చి ఉంటే, కీ కూడా అతని ఖాతాలోనే ఉంటుంది. కాబట్టి పని మొదలుపెట్టక ముందే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసి, కీని కాగితంపై రాసుకుని, ఎన్‌క్రిప్షన్‌ను ఆపి, డీక్రిప్షన్ పూర్తిగా ముగిసే దాకా ఆగాలి. కీ పోతే, ఆ ఫైళ్లను ఏ మెకానిక్కూ తిరిగి ఇవ్వలేడు.

ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు

బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగల సెట్టింగులలో, స్టోరేజ్ పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీగా ఉంటే ఇలా జరుగుతుంది. దానిని నేరుగా మామూలు పద్ధతి అయిన ఏహెచ్‌సీఐకి మార్చితే విండోస్ తెరుచుకోకపోవచ్చు. ముందు విండోస్‌లో ఎమ్‌ఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ ఎంచుకుని, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లి మార్చాలి. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకున్నాక ఆ ఎంపికను తీసివేయాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక రెండింటిలో ఒకటే తెరుచుకుంటుంది

విండోసే వస్తుంటే, బయోస్‌లోని బూట్ వరుసలో ఉబుంటును పైకి తేవాలి. విండోస్ పెద్ద అప్‌డేట్ల తరువాత ఈ వరుస మారడం కద్దు. లినక్సే వస్తుంటే, ఏ వ్యవస్థను తెరవాలో అడిగే లినక్స్ బూట్ మెనూ గ్రబ్‌లో 2.06 వెర్షన్ నుంచి ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్ ప్రోబర్ సహజంగా ఆపి ఉంటుందని గుర్తించాలి. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దానిని ఆపే వరుస విలువను ‘ఫాల్స్’గా మార్చి, అప్‌డేట్ గ్రబ్ నడపాలి. రెండూ ఒకే పద్ధతిలో, అంటే రెండూ కొత్త బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐలో గాని, రెండూ పాత పద్ధతి లెగసీలో గాని, ఇన్‌స్టాల్ కాకపోతే ఈ ఉపాయాలు పనిచేయవు.

విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతే, లినక్స్ అంతర్జాతీయ సమయాన్ని, విండోస్ స్థానిక సమయాన్ని గడియారంలో రాస్తున్నాయని అర్థం. లినక్స్ టెర్మినల్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ ఇస్తే సరిపోతుంది.

డి డ్రైవ్ మాయమైంది, ఫార్మాట్ చేయమంటోంది

క్యాన్సిల్ నొక్కి, ఆ డిస్కులో ఇంకేమీ రాయకుండా ఆగాలి. చాలాసార్లు పోయేది పార్టిషన్ పట్టికలోని నమోదు మాత్రమే. డేటా ఉన్నచోటే ఉంటుంది. లైవ్ పెన్ డ్రైవ్‌తో తెరిచి, పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ సాధనంతో పాత పార్టిషన్‌ను వెతికించి, అందులోని ఫైళ్ల జాబితా సరిగా కనిపిస్తే ముందు వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. పట్టికను తిరిగి రాయించడం ఆ తరువాతే.